సున్నా ఉద్గార వాహన నిబంధనలు: కంపెనీలకు వెసులుబాట్లు, ఉత్తరాంధ్ర పరిస్థితి

సున్నా ఉద్గార వాహన నిబంధన అంటే, ఒక కంపెనీ ఏడాదిలో అమ్మే బండ్లలో ఇంత వాటా పొగ వదలనివై ఉండాలని ప్రభుత్వం పెట్టే షరతు. బ్యాటరీతో నడిచేవి, హైడ్రోజన్ ఇంధన ఘటంతో నడిచేవి ఈ లెక్కలోకి వస్తాయి. వట్టి షరతు పెట్టి ఊరుకుంటే కంపెనీలు కోర్టులకెక్కుతాయి, లేదా ఆ రాష్ట్రంలో అమ్మకాలే తగ్గించుకుంటాయి. అందుకే షరతుతో పాటు వెసులుబాట్లు కూడా వచ్చాయి. ఒక ఏడాది ఎక్కువ అమ్మిన కంపెనీ మిగులును దాచుకోవచ్చు. తక్కువ పడిన కంపెనీ మరొకరి మిగులును కొనుక్కోవచ్చు. ఒకచోట అమ్మినదాన్ని మరోచోటి లెక్కలో చూపించవచ్చు.

భారతదేశంలో ఏ రాష్ట్రమూ కంపెనీల అమ్మకాలపై ఇలాంటి వాటా విధించలేదు. కార్ల కంపెనీలకు కేంద్రం పెట్టిన సగటు ఇంధన పరిమితి ఉంది, అందులో ఎలక్ట్రిక్ కార్లకు ప్రత్యేకమైన లెక్క ఉంది. రాష్ట్రాల చేతిలో ఉన్నవి పన్ను మినహాయింపులు, రాయితీలు, పరిశ్రమలకిచ్చే ప్రోత్సాహకాలు. ఈ ఏర్పాటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకూ, 2022 ఏప్రిల్ 4న ఈ రెండింటి నుంచి ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాకూ ఎంతవరకు అందిందో చూడాలంటే, ముందు ఇక్కడి రోడ్డును చూడాలి. ఈ ప్రాంతపు జనం ఎక్కువగా తిరిగేది ద్విచక్ర వాహనాల మీద, సర్వీస్ ఆటోల్లో, ఆర్టీసీ బస్సుల్లో. కార్లకు పెట్టిన పరిమితి వీటిలో దేనికీ వర్తించదు.

కాలిఫోర్నియా నమూనా

ఈ రకం నిబంధన మొదట అమెరికాలోని కాలిఫోర్నియాలో వచ్చింది. అక్కడి వాయు వనరుల మండలి 1990లో పెద్ద కంపెనీలకు గడువులు విధించింది. 1998లో అమ్మే కార్లలో 2 శాతం, 2001లో 5 శాతం, 2003లో 10 శాతం పొగ లేనివి ఉండాలన్నది ఆ ఉత్తర్వు. బ్యాటరీలు అంతకు సిద్ధంగా లేవని కంపెనీలు గట్టిగా వాదించాయి. 1996లో మండలి తొలి గడువులను ఎత్తేసి 2003 వాటానే ఉంచింది. తరువాత కూడా అనేకసార్లు సవరణలు జరిగాయి. వెసులుబాట్ల పద్ధతి ఈ వెనకంజల నుంచే రూపుదిద్దుకుంది.

ముఖ్యమైనది క్రెడిట్ల ఏర్పాటు. 2018 నుంచి 2025 మోడళ్ల వరకు ఒక్కో ఎలక్ట్రిక్ కారుకు అది ఒక చార్జింగుతో వెళ్లగల దూరాన్ని బట్టి క్రెడిట్లు ఇచ్చారు. గరిష్ఠం నాలుగు. కంపెనీ తన మొత్తం అమ్మకాల్లో 2018కి 4.5 శాతానికి, 2025కి 22 శాతానికి సమానమైన క్రెడిట్లు చూపాలి. లోటు పడితే క్రెడిట్‌కు 5,000 డాలర్ల జరిమానా ఉండేది, కాబట్టి మార్కెట్లో కొనుక్కోవడమే మేలనిపించేది. ఈ అమ్మకం ఎంత పెద్దదంటే, వివిధ ప్రభుత్వాల నిబంధనల కింద సంపాదించిన క్రెడిట్లను అమ్మి టెస్లా 2020 ఒక్క ఏడాదిలోనే 158 కోట్ల డాలర్ల రాబడి పొందింది.

అమెరికా స్వచ్ఛ వాయు చట్టం 177వ సెక్షన్ ప్రకారం ఇతర రాష్ట్రాలు కాలిఫోర్నియా ప్రమాణాలను ఉన్నవి ఉన్నట్టు స్వీకరించవచ్చు. న్యూయార్క్, మసాచుసెట్స్, వర్మాంట్ వంటి రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. అయితే కాలిఫోర్నియాలో అమ్మిన కారును ఈ రాష్ట్రాల లెక్కలోనూ చూపే వీలు కంపెనీలకు దక్కింది. బ్యాటరీ కార్లకు ఈ వీలు 2017 మోడల్ వరకు నడిచింది. దానితో తూర్పు రాష్ట్రాల షోరూముల్లోకి ఎలక్ట్రిక్ కార్లు తగినన్ని రాకపోయినా కంపెనీల లెక్క సరిపోయింది. అమ్మకం ఎక్కడ జరిగినా చెల్లుతుందనే వెసులుబాటు కంపెనీకి హాయిగానే ఉంటుంది, వెనకబడిన మార్కెట్లు మాత్రం అలాగే ఉండిపోతాయి. ఉత్తరాంధ్ర సంగతి అర్థం చేసుకోవడానికి కాలిఫోర్నియా చరిత్రలో అన్నిటికన్నా పనికొచ్చేది ఈ అనుభవమే.

2022లో కాలిఫోర్నియా కొత్త నిబంధన చేసింది. 2026లో 35 శాతం, 2030లో 68 శాతం, 2035లో 100 శాతం వాటా కావాలంది. అందులో ఐదో వంతు వరకు ప్లగ్-ఇన్ హైబ్రిడ్లతో పూర్తి చేసే వీలిచ్చింది. పేదల పేటల్లో కార్లను అందుబాటులోకి తెచ్చిన కంపెనీకి అదనపు గణన పెట్టింది. 2025లో కొన్ని రాష్ట్రాలు గడువు దగ్గరపడేసరికి వెనక్కి తగ్గాయి. మేరీలాండ్ గవర్నరు జరిమానాలను వాయిదా వేయగా, వర్మాంట్ గవర్నరు అమలును ఆపించారు. 2025 జూన్ 12న అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన తీర్మానం కాలిఫోర్నియాకు ఉన్న కేంద్ర అనుమతినే రద్దు చేసింది. దాన్ని సవాలు చేస్తూ కాలిఫోర్నియా, మరికొన్ని రాష్ట్రాలు కోర్టుకు వెళ్లాయి.

చైనా 2018 ఏప్రిల్ నుంచి ఇంధన పొదుపు క్రెడిట్లనూ ఎలక్ట్రిక్ క్రెడిట్లనూ జోడించిన జంట పద్ధతిని అమల్లో పెట్టింది. ఐరోపాలో కంపెనీలు జట్టుకట్టి సగటును చూపవచ్చు. 2019లో ఫియట్ క్రైస్లర్ టెస్లాతో అలా కలిసింది. 2025లో ఐరోపా సమాఖ్య ఆ ఏడాది పరిమితిని మూడేళ్ల సగటుగా చూపే వీలిచ్చింది. బ్రిటన్ 2024కు 22 శాతం వాటా పెట్టి, మరుసటి ఏడాది వెసులుబాట్లు పెంచుతూ కారుకు 15,000 పౌండ్లున్న జరిమానాను 12,000కు తగ్గిస్తామంది.

భారతదేశంలో అధికారం ఎవరిది

వాహనాలపై పన్ను రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలో 57వ అంశం. యంత్రంతో నడిచే వాహనాలు ఉమ్మడి జాబితాలో 35వ అంశం. బండిని ఎలా తయారు చేయాలి, ఎంత పొగ వదలవచ్చు అనే నియమాలను 1988 మోటారు వాహనాల చట్టం 110వ సెక్షన్ కింద కేంద్రమే చేస్తుంది. కాబట్టి అమరావతిలోని ప్రభుత్వం ఒక కంపెనీని పిలిచి నీ అమ్మకాల్లో పదో వంతు బ్యాటరీ బండ్లు ఉండాలని శాసించడం కష్టం. పన్ను తగ్గించగలదు, భూమి ఇవ్వగలదు, కరెంటు ధరలో మేలు చేయగలదు, తన సొంత బస్సులనూ చెత్త బండ్లనూ మార్చుకోగలదు. ఢిల్లీ మరో దారి వెతికింది. 2023 నవంబరులో ప్రకటించిన పథకం ద్వారా టాక్సీ, డెలివరీ సంస్థలు తమ బండ్లన్నిటినీ 2030 ఏప్రిల్ నాటికి ఎలక్ట్రిక్‌కు మార్చాలని షరతు పెట్టింది. అది కొని తిప్పే సంస్థలకు పెట్టిన షరతు, తయారు చేసే కంపెనీలకు కాదు.

కేంద్రం చేతిలో ఉన్న అసలు సాధనం కార్పొరేట్ సగటు ఇంధన సామర్థ్య నిబంధన. వాడుకలో దీన్ని కెఫే అంటారు. 2001 ఇంధన పొదుపు చట్టం కింద వచ్చిన ఈ నిబంధన 3,500 కిలోల లోపు ప్రయాణికుల కార్లకు వర్తిస్తుంది. ఒక కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ 2017-18 నుంచి కిలోమీటరుకు 130 గ్రాములు, 2022-23 నుంచి 113 గ్రాములు మించకూడదు. ఈ 113 గ్రాములు 1,145 కిలోల సగటు బరువుకు కట్టిన అంకె. బరువైన కార్లు ఎక్కువగా అమ్మే కంపెనీకి పరిమితి కొంచెం పెరుగుతుంది, తేలికపాటివి అమ్మేదానికి తగ్గుతుంది.

ఎలక్ట్రిక్ కార్లకు వెసులుబాటు ఇక్కడే దొరుకుతుంది. సగటు కట్టేటప్పుడు ఒక బ్యాటరీ కారును మూడు కార్లుగా, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను రెండున్నరగా, పూర్తిస్థాయి హైబ్రిడ్‌ను రెండుగా లెక్కిస్తారు. సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తాను ఆగే ఏర్పాటు, బ్రేకు వేసినప్పుడు శక్తిని తిరిగి పట్టే ఏర్పాటు, టైర్లలో గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు ఉన్నా కొంత తగ్గింపు ఉంటుంది.

మూడుగా లెక్కించడం వల్ల ఏమవుతుందో ఒక ఊహా లెక్కతో చూడవచ్చు. ఒక కంపెనీ కార్లు సగటున 125 గ్రాములు వదులుతున్నాయనీ, దాని పరిమితి 113 అనీ అనుకుందాం. మామూలు సగటైతే వంద కార్లలో పది బ్యాటరీవి ఉండాలి; అప్పుడు సగటు 112.5కు దిగుతుంది. మూడు రెట్ల గణనతో నాలుగు చాలు. మిగిలిన 96 కార్లు వదిలే 12,000 గ్రాములను 96కు పన్నెండు కలిపి 108తో భాగిస్తే 111.1 వస్తుంది, గట్టెక్కినట్టే. అంటే పది కార్ల పని నాలుగు కార్లతో అయింది. కొత్త సాంకేతికతను మొదలుపెట్టించడానికి ఇలాంటి ప్రోత్సాహం కావాల్సిందే. కానీ కాగితం మీద కనిపించే సగటుకూ గాలిలోకి వెళ్లే పొగకూ మధ్య దూరం దానితోనే పెరుగుతుంది. బ్యాటరీ కార్ల అమ్మకాలు ఎక్కువయ్యే కొద్దీ ఈ గుణకాన్ని దించుతూ రావడం న్యాయం.

చాలాకాలం ఈ పరిమితి దాటినా గట్టి శిక్ష లేదు. ఇంధన పొదుపు చట్టానికి 2022లో చేసిన సవరణ ఆ లోటు తీర్చింది. పది లక్షల రూపాయల జరిమానాకు తోడు, వంద కిలోమీటర్లకు 0.2 లీటరు లోపు మించితే అమ్మిన ప్రతి కారుకూ రూ. 25,000, అంతకన్నా మించితే రూ. 50,000 అదనంగా కట్టాలి. 2022-23 లెక్కను ఏ తేదీ నుంచి, ఏ రేటుతో కట్టాలన్నదానిపై కంపెనీలకూ ప్రభుత్వానికీ వాదం నడిచింది. 2027 ఏప్రిల్ నుంచి మొదలుకావాల్సిన మూడో దశకు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2025 సెప్టెంబరులో ఒక ముసాయిదా విడుదల చేసింది. మూడు కంపెనీల దాకా జట్టుకట్టవచ్చని, 909 కిలోల లోపు చిన్న పెట్రోలు కార్లకు అదనపు సడలింపు ఇవ్వాలని అందులో ప్రతిపాదించారు. ఆ చిన్నకార్ల సడలింపు మీద కంపెనీల్లోనే రెండు వర్గాలు ఏర్పడ్డాయి.

విదేశీ కంపెనీలకు మరో రకం బేరం ఉంది. 2024 మార్చిలో ప్రకటించిన పథకం ప్రకారం, మూడేళ్లలో రూ. 4,150 కోట్లు పెట్టుబడి పెట్టి ఇక్కడ ఎలక్ట్రిక్ కార్లు తయారు చేస్తామని ఒప్పుకున్న సంస్థ ఏడాదికి 8,000 కార్ల వరకు 15 శాతం సుంకంతోనే దిగుమతి చేసుకోవచ్చు. ఖరీదైన కార్ల కోసం చేసిన ఏర్పాటు కావడంతో జిల్లా పట్టణాల మార్కెట్‌తో దీనికి సంబంధం తక్కువ.

అమలుకు రాని ఆదేశం

ఉత్తరాంధ్ర రోడ్లను నిజంగా తాకగల ప్రతిపాదన ఒకటి 2019లో వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి మూడు చక్రాల బండ్లు, 2025 ఏప్రిల్ నుంచి 150 సీసీ లోపు ద్విచక్ర వాహనాలు ఎలక్ట్రిక్‌వే అమ్మాలని నీతి ఆయోగ్ సూచించింది. బజాజ్, టీవీఎస్, హీరో వంటి కంపెనీలు గడువు అసాధ్యమన్నాయి. ప్రతిపాదన నియమంగా మారలేదు. అటు మొత్తం మార్పు, ఇటు ఏమీ లేకపోవడం అన్నట్టు చర్చ సాగింది. కాలిఫోర్నియా తరహాలో ఏటేటా పెరిగే చిన్న వాటా, దానికి తోడు క్రెడిట్లు అనే మధ్యదారి ఆటోలకూ బైకులకూ పరీక్షకే రాలేదు. కార్లకు కెఫే రూపంలో ఉన్న పట్టు ఈ బండ్ల విషయంలో లేకుండాపోయింది. వీటి మార్పును 2015లో మొదలైన ఫేమ్, 2019 నుంచి 2024 మార్చి వరకు నడిచిన ఫేమ్-2, 2024 అక్టోబరులో రూ. 10,900 కోట్లతో మొదలైన పీఎం ఇ-డ్రైవ్ వంటి రాయితీ పథకాలే మోస్తూ వచ్చాయి.

రాష్ట్ర విధానాలు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018 జూన్‌లో మొదటి విద్యుత్ వాహన విధానం ప్రకటించింది. 2024 నాటికి పది లక్షల ఎలక్ట్రిక్ బండ్లు, లక్ష చార్జింగ్ కేంద్రాలు, 2029 నాటికి ఆర్టీసీ బస్సులన్నీ ఎలక్ట్రిక్ అన్నవి అందులోని లక్ష్యాలు. రాజధాని అమరావతిలో 2024 నాటికి పెట్రోలు, డీజిలు కార్ల రిజిస్ట్రేషన్ ఆపాలన్న మాట కూడా ఉంది. రాష్ట్రం తన అధికారంతో ఒక నిషేధం దాకా వెళ్లాలని తలపెట్టిన సందర్భం ఇది. 2019 తరువాత రాజధాని నిర్మాణమే ఆగిపోవడంతో అది కాగితం దాటలేదు. పది లక్షల లక్ష్యానికీ రాష్ట్రం బాగా దూరంలో ఉండిపోయింది.

2024 డిసెంబరులో వచ్చిన 2024-29 విధానం లక్ష్యాల కన్నా పరిశ్రమల మీద ఎక్కువ దృష్టి పెట్టింది. రూ. 30,000 కోట్ల పెట్టుబడులు, 60,000 ఉద్యోగాలు ఆశించింది. ఆర్టీసీ బస్సుల గడువు మాత్రం 2029గానే నిలిచింది. చార్జింగ్ కేంద్రాల బాధ్యత రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్‌ది. రాష్ట్రంలో కార్ల తయారీ అంతా దక్షిణాన ఉంది. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం 2019 నుంచి నడుస్తోంది, 2025లో అక్కడ ఎలక్ట్రిక్ కారు తయారీ కూడా మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కార్ల కర్మాగారం లేదు.

పొరుగున తెలంగాణ 2024 నవంబరు 18 నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. 2026 చివరిదాకా ఇన్ని బండ్లకే అన్న పరిమితి లేదు. ఒడిశా 2021 విధానంలో కొనుగోలుదారుకు నేరుగా రాయితీ ఇచ్చింది. ఈ మేళ్లన్నీ బండి ఏ రాష్ట్రంలో రిజిస్టరైతే అక్కడే. ఇచ్ఛాపురం, పాతపట్నం వంటి సరిహద్దు ఊళ్ల వాళ్లు బరంపురం, పర్లాకిమిడి బజార్లకు రోజూ పోయి వచ్చేవాళ్లే. అక్కడి రాయితీ మాత్రం వీళ్లకు దక్కదు.

శ్రీకాకుళం, విజయనగరం రోడ్లపై

కెఫే పరిమితి దేశం మొత్తానికి ఒకే సగటు. హైదరాబాదులోనో బెంగళూరులోనో అమ్మిన బ్యాటరీ కార్లతో కంపెనీ లెక్క పూర్తవుతుంది. పాలకొండలో, బొబ్బిలిలో, టెక్కలిలో ఒక్కటీ అమ్మకపోయినా జరిమానా పడదు. తూర్పు అమెరికా రాష్ట్రాల అనుభవం ఇక్కడ మరింత పెద్ద రూపంలో కనిపిస్తుంది. కంపెనీకి చిన్న పట్టణంలో శిక్షణ పొందిన మెకానిక్‌ను, బ్యాటరీ విడిభాగాలను సిద్ధం చేసే ఒత్తిడి లేదు. చార్జింగుకు కరెంటు ఇవ్వాల్సిన తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు రాబోయే బండ్ల సంఖ్య ముందుగా తెలిసే దారీ లేదు.

ఆటోల సంగతి వేరుగా ఉంది. శ్రీకాకుళం పట్టణం నుంచి ఆమదాలవలస రైల్వే స్టేషనుకు దాదాపు 13 కిలోమీటర్లు. రోజుకు ఐదుసార్లు పోయి వచ్చే సర్వీస్ ఆటో 130 కిలోమీటర్లు తిరుగుతుంది. ఇప్పుడు వస్తున్న ఎలక్ట్రిక్ ఆటోలు ఒక చార్జింగుతో వంద నుంచి నూట యాభై వరకు నడుస్తాయి కాబట్టి మధ్యాహ్నం గంటసేపు ప్లగ్ దొరికితే రోజు గడిచిపోతుంది. విజయనగరం కోట జంక్షన్, నెల్లిమర్ల మధ్య తిరిగే బండికి ఆ అవసరం కూడా రాకపోవచ్చు. 2018 అక్టోబరులో కేంద్రం బ్యాటరీ రవాణా వాహనాలకు పర్మిట్ అక్కర్లేదని ప్రకటించింది. ఆటో డ్రైవరు నేరుగా అనుభవించే వెసులుబాటు ఇదే. అడ్డు పడుతున్నది కొనుగోలు ధర, దానికి అప్పు పుట్టే రేటు. కంపెనీలకు అమ్మకాల వాటా ఉండి ఉంటే, కాలిఫోర్నియాలో లోటు పడిన కంపెనీలు కారు ధర తగ్గించి లీజుకిచ్చినట్టు, ఇక్కడా తయారీదారే వాయిదాలు తేలిక చేసి అమ్మజూపేవాడు.

ప్రభుత్వం తానే కొన్న చోట మార్పు త్వరగా జరిగింది. 2023 జూన్ 8న రాష్ట్రంలోని 36 చిన్న మున్సిపాలిటీలకు 516 ఎలక్ట్రిక్ చెత్త ఆటోలు పంపారు. ఒక్కోటి 500 కిలోలు మోస్తుంది. చాలా వాటిని నడపడానికి మహిళలను తీసుకున్నారు. బస్సుల్లో మాత్రం ఉత్తరాంధ్ర పట్టణాలు వెనకబడ్డాయి. ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2022 సెప్టెంబరులో తిరుపతి, తిరుమల మధ్య మొదలయ్యాయి. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పది వేల బస్సుల పీఎం ఇ-బస్ సేవకు మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాలే ప్రధానంగా అర్హం. విశాఖపట్నానికి చోటు దక్కింది. శ్రీకాకుళం, విజయనగరం ఆ కొలతకు చాలవు. విశాఖ నుంచి శ్రీకాకుళానికి సుమారు 110 కిలోమీటర్లు. శ్రీకాకుళం డిపోలో చార్జింగ్ ఏర్పాటు ఉంటే తప్ప రానూపోనూ ప్రయాణానికి బ్యాటరీ మీద భరోసా పెట్టుకోలేరు. అంటే పెద్ద నగరానికి ఇచ్చిన బస్సు చిన్న పట్టణానికి రావాలన్నా పెట్టుబడి చిన్న పట్టణంలోనూ పెట్టక తప్పదు.

కరెంటు విషయంలో తీరప్రాంతానికి తుపాను భయం ఉంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కరెంటు స్తంభాలను వరసగా కూల్చేసింది. ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి వారంలో అంబులెన్సు, మంచినీటి బండి కూడా బ్యాటరీవే అయితే జనరేటరో, సౌర ఫలకాలతో నిల్వ చేసిన కరెంటో తప్పనిసరి. నిబంధనలు రాసేవాళ్లు ఈ ఖర్చును పట్టించుకున్న దాఖలాలు తక్కువ.

సున్నా అన్నది పొగగొట్టం వరకే నిజం. విశాఖ దగ్గర పరవాడలోని సింహాద్రి ఎన్టీపీసీ కేంద్రం 2,000 మెగావాట్లూ బొగ్గుతో తీస్తుంది. శ్రీకాకుళం జిల్లా ప్రజలకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కర్లేదు. థర్మల్ కేంద్రాలు వద్దని 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి దగ్గర జరిగిన ఉద్యమాల్లో పోలీసు కాల్పులకు ప్రాణాలు పోయాయి. బొగ్గు కరెంటుతో నడిచినా ఎలక్ట్రిక్ ఆటో పట్టణ కూడలిలో పొగ తగ్గిస్తుంది, డీజిలు బండి కన్నా శక్తిని పొదుపుగా వాడుతుంది. అయినా పూర్తి మేలు దక్కాలంటే కరెంటు కూడా మారాలి.

లారీలు

సాలూరు రాష్ట్రంలో పేరున్న లారీల ఊరు. రాయపూర్ వైపు పోయే జాతీయ రహదారి మీద ఉండటం వల్ల లారీ యజమానులు, బాడీలు కట్టే షెడ్లు, మెకానిక్కులు ఇక్కడ స్థిరపడ్డారు. బరువు వాహనాలకు కెఫే వర్తించదు. వీటికి 2025 జూలైలో పీఎం ఇ-డ్రైవ్ కింద ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చాయి. దేశం మొత్తంమీద సుమారు 5,600 ఎలక్ట్రిక్ లారీలకు, ఒక్కోదానికి గరిష్ఠంగా రూ. 9.6 లక్షల వరకు సాయం అందుతుంది. కంపెనీ ఆ మొత్తాన్ని ధరలో ముందే తగ్గించి, తరువాత కేంద్రం నుంచి రాబట్టుకుంటుంది. పాత లారీని తుక్కుకు వేసినట్టు ధ్రువపత్రం చూపడం తప్పనిసరి. అయితే ఆ ధ్రువపత్రం సొంత లారీదే కానక్కర్లేదు, మరొకరి దగ్గర కొనుక్కోవచ్చు. కాలిఫోర్నియాలో కంపెనీలు క్రెడిట్లు కొనుక్కున్నట్టు, ఇక్కడ యజమాని తుక్కు పత్రం కొనుక్కుంటాడు. పాత బండ్లు ఎక్కువగా ఉన్న సాలూరు వంటి చోట ఈ పత్రాలకు గిరాకీ పుట్టే వీలుంది. సాలూరు దాటాక ఒడిశా వైపు వచ్చే సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు నిండు లారీ బ్యాటరీని వేగంగా తాగేస్తుంది, దిగేటప్పుడు బ్రేకుల ద్వారా కొంత తిరిగి నింపుకుంటుంది. ఆ దారిలో పెద్ద లారీలకు సరిపడే హైటెన్షన్ చార్జింగ్ ఏర్పడేదాకా కొత్త బండ్లు రేవులు, కర్మాగారాల మధ్య తక్కువ దూరపు సరుకు రవాణాకే నప్పుతాయి.